కుందేటి కొమ్ము కథ

లోకంలో లేని వస్తువును చెప్పవలసి వచ్చినప్పుడు మన పెద్దలు మూడు ఉదాహరణలు ఇచ్చేవారు: గొడ్రాలి కొడుకు, గగనకుసుమం, కుందేటి కొమ్ము. మొదటిది అసాధ్యమని నా వృత్తిలో ఉన్నవాళ్ళెవరూ 1978 తరువాత అనలేరు. ఆ ఏడాది ఇంగ్లండులో పరీక్షనాళిక శిశువు పుట్టింది. రెండోదీ అయిపోయింది. 2016 జనవరిలో భూమి చుట్టూ తిరుగుతున్న అంతరిక్ష కేంద్రంలో జిన్నియా పువ్వు పూసింది. ఇక మూడోదాని కోసం శాస్త్రజ్ఞులెవరూ శ్రమ పడనక్కరలేదు. అది ఎప్పటినుంచో ఉంది. మన రాయలసీమలో, తెలంగాణలో, రాళ్ళగుట్టల మీద, ముళ్ళపొదల నీడన మొలుస్తుంది. అది ఒక మొక్క. దాని పేరే కుందేటి కొమ్ములు.

భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవిని మనమందరం బడిలో చదువుకున్నాం. కుందేటి కొమ్మునైనా సంపాదించవచ్చుగాని మూర్ఖుడి మనసు మార్చలేమని ఆయన చెప్పిన పద్యం ఇప్పటికీ చాలామందికి నోటికి వచ్చు. ఆయన పెద్దాపురం సీమ కవి. పెద్దాపురానికి పక్కనే సామర్లకోట. ఈ మొక్క ప్రపంచ వృక్షశాస్త్రంలోకి ఎక్కింది సరిగ్గా ఆ సామర్లకోటలో ఉద్యోగం చేసిన ఒక డాక్టరు చేతి మీదుగానే. అంతేకాదు, ఎక్కినప్పుడు లాటిన్ పేరుతోపాటు ఒక తెలుగు పేరును కూడా వెంట తీసుకుపోయింది. ఆ తెలుగు పేరే తరువాత లాటిన్ పేరయింది. ఈ వ్యాసం ఆ మాట ప్రయాణం గురించి.

ముందు మొక్కను పరిచయం చేస్తాను. జానెడు, మహా అయితే మూరెడు ఎత్తు. ఆకులు ఉన్నా లేనట్టే. లేత కొసల దగ్గర చీమ తలంత ఆకులు పుట్టి రాలిపోతాయి. ఆకు చేయవలసిన పనంతా పచ్చటి కాడే చేస్తుంది. కాడ నాలుగు పలకలుగా, నీటితో నిండి, కొసకు పోనుపోను సన్నబడి ఉంటుంది. ఎడారి మొక్కలు చాలావాటిలాగే పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీలుస్తుంది. పగలు తెరిస్తే ఉన్న నీరంతా ఆవిరైపోతుంది మరి. పువ్వులు చిన్నవి, ఊదా గోధుమ రంగు కలిసి, పసుపు చారలతో, కొన్నిటికి అంచున సన్నని నూగుతో ఉంటాయి. వాసన మనకు నచ్చేది కాదు, ఈగలకు నచ్చేది. పుప్పొడిని మోసేది అవే. కాయలు జంటగా, సన్నగా, నిటారుగా నిలబడతాయి. గడ్డిలోంచి అలా రెండు కాయలు పైకి పొడుచుకు వచ్చినప్పుడు చూస్తే, కింద కుందేలు నక్కి ఉందేమోనని అనిపించక మానదు. పేరు పెట్టినవాడు కొంటెవాడే అయినా కళ్ళున్నవాడు.

దీన్ని చూసి కాక్టస్ అనుకునేవారు చాలామంది. కాదు. కాక్టస్ జాతులు దాదాపు అన్నీ ఈ అమెరికా ఖండాలవే. మన చేలగట్ల మీద కనిపించే నాగజెముడు కూడా ఇక్కడినుంచి వెళ్ళినదే. 18వ శతాబ్దం చివర మద్రాసులో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ ఎర్రరంగునిచ్చే కాచినీల్ పురుగును పెంచడానికి ఆ మొక్కల తోట ఒకటి వేయించాడు. కుందేటి కొమ్ము అసలు చుట్టాలు వేరు. కాయను పండనిచ్చి పగలగొట్టండి: లోపల ప్రతి గింజకూ తెల్లని పట్టుకుచ్చు. ఇంక చెప్పాలా? జిల్లేడు. వేసవిలో మనం తాగిన సుగంధిపాల షర్బత్తు, మధుమేహానికి నాటువైద్యులు ఇచ్చే పొడపత్రి, ఇవన్నీ ఒకే ఇంటి పిల్లలు.

ఇక సామర్లకోట సంగతి. విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులో పుట్టాడు. ఎడింబరోలో వైద్యం చదివాడు. ఆ రోజుల్లో వైద్య విద్యార్థికి వృక్షశాస్త్రం ఐచ్ఛిక విషయం కాదు. మందులు చాలావరకు మొక్కలే గనక మొక్కను గుర్తించలేనివాడు మందు ఇవ్వలేడు. అక్కడ జాన్ హోప్ అనే ఆచార్యుడు వైద్యమూ మొక్కలూ కలిపి నేర్పేవాడు. రాక్స్‌బర్గ్ 1776లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైద్యశాఖలో చేరి, 1781లో సామర్లకోట దండుకు సర్జనుగా వచ్చాడు. భీమేశ్వరాలయం ఉన్న ఆ ఊళ్ళో అతను ఒక తోట వేశాడు. మిరియం, చెరకు, నీలిమందు మీద ప్రయోగాలు చేశాడు. తీరిక దొరికితే గోదావరి జిల్లా మొక్కలను ఏరి, వర్ణించి, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు.

ఈ పనిలో అతను ఒంటరివాడు కాదు. లినేయస్ శిష్యుడు, తానూ వైద్యుడే అయిన యోహాన్ కోనిగ్ 1785లో కాకినాడ పక్కన జగన్నాథపురంలో చనిపోయాడు. చివరి రోజుల్లో అతనికి వైద్యం చేసింది రాక్స్‌బర్గే. కోనిగ్ ఉద్యోగంలో తరువాత నియమితుడైన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండేవాడు. అతనూ వైద్యుడే, మన రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న పేరు అతనిదే. చూశారా, కోరమాండల్ తీరపు మొక్కలనూ పాములనూ పుస్తకాలకెక్కించిన తొలి తరమంతా స్టెతస్కోపు పుట్టకముందటి డాక్టర్లే.

1787 మే నెలలో కోరంగి తీరాన్ని పెనుతుఫాను ముంచేసింది. వేలమంది పోయారు. రాక్స్‌బర్గ్ ఆ వరదలో తన పుస్తకాలూ, ఎండబెట్టి దాచుకున్న మొక్కలూ పోగొట్టుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. తరువాత నాలుగైదేళ్ళు అదే సీమను ఘోరమైన కరువు పట్టింది. కరువును తట్టుకునే చెట్లు, కొబ్బరి, పనస వంటివి, ఊళ్ళలో నాటించాలని అతను పైవాళ్ళకు ఉత్తరాలు రాశాడు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానవనానికి అధికారిగా వెళ్ళిపోయాడు. అతను పంపిన వందలాది బొమ్మలలోంచి 300 ఎంచి, సర్ జోసెఫ్ బాంక్స్ పర్యవేక్షణలో, కంపెనీ డైరెక్టర్ల ఆజ్ఞపై లండన్‌లో అచ్చువేశారు. 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే ఆ మహాగ్రంథం మూడు సంపుటాలుగా 1795 నుంచి 1820 దాకా వెలువడింది.

మొదటి సంపుటంలో 30వ బొమ్మ మన కుందేటి కొమ్ముది. రాక్స్‌బర్గ్ దానికి పెట్టిన శాస్త్రీయనామం స్టెపీలియా ఎడ్‌సెండెన్స్. స్టెపీలియా అన్నది దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన బంధువుల పేరు. అప్పటికి అంతకన్నా దగ్గర పేరు లేదు. అయితే ఆ గ్రంథంలో అతను ఒక మంచి పద్ధతి పాటించాడు. తెలుగువాళ్ళు ఆ మొక్కను ఏమంటారో తెలిసినచోటల్లా తెలింగ నామం అని విడిగా రాశాడు. ఈ మొక్కకు అతను రాసిన తెలింగ నామం: కార్-అల్లమ్.

కారల్లం! ఈ మాటను ఎలా విడదీయాలన్నది నా ఊహ మాత్రమే చెబుతాను. కారెనుబోతు, కారడవి అన్నప్పటి 'కారు' అడవితనాన్ని సూచిస్తుంది. అంచేత కారల్లం అంటే అడవి అల్లం కావచ్చు. పచ్చి కాడను కొరికితే చేదూ ఉప్పదనమూ కలిసిన ఘాటు ఒకటి నాలుకకు తగులుతుంది. పశువుల వెంట గుట్టలెక్కినవాళ్ళు దాన్ని అలాగే తినేవారు. గొంతు తడుస్తుంది, ఆకలి కాసేపు ఆగుతుంది. దున్నని నేలలో, అడగకుండా దొరికే అల్లం అన్నమాట.

ఆ పుస్తకం వచ్చిన పదిహేనేళ్ళకు రంగంలోకి మరో స్కాట్లండు వైద్యుడు వచ్చాడు: రాబర్ట్ బ్రౌన్. నీటిలో తేలే రేణువులు ఊరుకోకుండా కదులుతుండటాన్ని 1827లో గమనించిన బ్రౌన్ ఇతనే. కాలేజీలో భౌతికశాస్త్రం చదివిన మన ఇంజనీరు మిత్రులకు పరిచయం అక్కరలేదు. జీవకణంలోని కేంద్రకానికి ఆ పేరు పెట్టింది కూడా ఇతనే. 1831లో ఆర్కిడ్లలోనూ, ఈ జిల్లేడు కుటుంబంలోనూ ఫలదీకరణ ఎలా జరుగుతుందో పరిశీలిస్తున్నప్పుడు ఆ సంగతి బయటపడింది. అంతకు చాలా ముందే, 1810లో, అతను జిల్లేడు కుటుంబాన్ని గన్నేరు కుటుంబం నుంచి విడదీసి ఒక ప్రసిద్ధ వ్యాసం అచ్చువేశాడు. (ఇటీవలి జన్యు పరిశోధనల తరువాత ఈ రెండిళ్ళనూ మళ్ళీ కలిపేశారు. ఉమ్మడి కుటుంబం విడిపోవడమే కాదు, కలవడం కూడా ఉంది!) ఆ వ్యాసంలో బ్రౌన్ సామర్లకోట మొక్క స్టెపీలియా కాదని తేల్చి కొత్త ప్రజాతి ఒకటి నిర్మించాడు. పేరు కోసం గ్రీకు పురాణాలు వెతకలేదు. ఏ ప్రభువు పేరూ తగిలించలేదు. రాక్స్‌బర్గ్ పుటలో ఉన్న తెలుగు మాట తీసుకుని చివర ఒక 'అ'కారం చేర్చాడు: కారల్లుమా.

తోటపని పుస్తకాలు కొన్ని మరో కథ చెబుతాయి. మాంసం మీద పుండు అనే అర్థం వచ్చే అరబ్బీ పదబంధం నుంచి కారల్లుమా పుట్టిందని, ఆ పువ్వుల దుర్వాసనే అందుకు కారణమని వాటి వాదం. వినడానికి బాగుంది. అరేబియాలో ఈ మొక్క బంధువులు ఉన్నమాట నిజమే. ఫోర్స్కోల్ అనే స్వీడన్ దేశీయుడు యెమెన్‌లో అటువంటివి సేకరించి, 1763లో అక్కడే మరణించాడు. కాని బ్రౌన్ తన ప్రజాతిని నిలబెట్టింది యెమెన్ మొక్క మీద కాదు, రాక్స్‌బర్గ్ మొక్క మీద. ఆ మొక్క పుటలో తెలింగ నామమని స్పష్టంగా అచ్చయి ఉంది. అక్షరాలు పోల్చి చూసుకోండి. పక్కింట్లో కూర్చున్న సాక్షిని వదిలి ఎడారి దాటి సాక్షిని తేవలసిన అవసరం నాకు కనబడదు.

ఇంకొక సంగతి కూడా మనకు అనుకూలంగా ఉంది. ఒకప్పుడు కారల్లుమా పేరు కింద ఆఫ్రికా, అరేబియా, స్పెయిన్ దాకా వ్యాపించిన ఎన్నో జాతులను వేశారు. ఈ మధ్య జన్యువులు పరిశీలించి వాటిలో చాలాభాగం వేరే ప్రజాతులకు పంపేశారు. కాని వృక్షశాస్త్రంలో ఒక నియమం ఉంది: ఇంటి పేరు ఏ మొక్క మీద మొదట పెట్టారో ఆ మొక్క ఎక్కడుంటే పేరు అక్కడే ఉంటుంది. ఆ మూలమొక్క మన కారల్లమే. ఎవరు ఇల్లు వదిలి వెళ్ళినా పేరు మాత్రం కోరమాండల్ తీరం వదలదు. ఇటువంటిదే మరో పేరు సోమిడా. జ్వరానికి బెరడు కషాయం వాడే మన సోమి చెట్టు ప్రజాతి నామం కూడా తెలుగు మాట నుంచే వచ్చింది. ఆ చెట్టును వర్ణించినదీ రాక్స్‌బర్గే.

ఇప్పుడు ఈ దేశానికి వద్దాం. కారల్లుమా, స్టెపీలియా, వాటి అన్నదమ్ములందరి గురించి ఇంగ్లీషులో వచ్చిన బృహద్గ్రంథం ఎడింబరోలోనో కలకత్తాలోనో కాదు, కాలిఫోర్నియాలోని పాసడీనాలో అచ్చయింది. అలేన్ వైట్, బాయిడ్ స్లోన్ అనే ఇద్దరు రాసిన దాని విస్తృత ముద్రణ 1937లో మూడు సంపుటాలుగా వచ్చింది. అక్కడికి దగ్గరలో శాన్ మారినోలోని హంటింగ్టన్ ఎడారి తోట 1907 నుంచి పెరుగుతూనే ఉంది. అమెరికా కాక్టస్, రసభరిత మొక్కల సంఘం 1929లో పుట్టింది. ఆ సంఘాల వాళ్ళు శనివారం పూట బల్లల మీద చిన్న చిన్న కుండీలు పరిచి, కారల్లుమా అని చీటీలు గుచ్చి అమ్ముకుంటారు. అమెరికన్ల నోట సరిగ్గా పలకని తెలుగు మన పేర్లేనని అనుకుంటాం. పాపం, వాళ్ళు ఈ తెలుగు మాటను తొంభై ఏళ్ళుగా పలుకుతూనే ఉన్నారు, అది తెలుగని తెలియకుండా!

తెలియనిది వాళ్ళకేనా? ఆ మధ్య మనవాళ్ళ ఇంటికి ఆరు నెలలకని వచ్చిన ఒక పెద్దావిడ నా దగ్గరకు వచ్చారు. అనంతపురం వైపు వారు. వాడే మందులన్నీ తెమ్మన్నాను. సంచిలో బి.పి. మాత్రలతోపాటు ఇక్కడి దుకాణంలో కొన్న సీసా ఒకటి ఉంది. బరువు తగ్గుతారని కొడుకు కొనిచ్చాడట. చీటీ మీద కారల్లుమా ఫింబ్రియాటా అని ఉంది. ఇది ఏ మొక్కో తెలుసా అని అడిగాను. "నాకేం తెలుస్తుంది డాక్టరమ్మా, ఇంగ్లీషు మందు కదా!" అన్నారు. ఫోనులో బొమ్మ చూపించాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఓసినీ, కుందేటి కొమ్ములు! చింతపండు వేసి పచ్చడి చేసేది మా అమ్మ. వానలు రాని సంవత్సరం ఇవే తింటిమి. దీనికి ఇంత డబ్బు పోసినాడా మావాడు?" అన్నారు.

వైద్యురాలిగా నేను చెప్పవలసిన నాలుగు ముక్కలు ఇక్కడే చెప్పేస్తాను. ఈ సారం మీద బెంగుళూరులో చేసిన ఒక పరిశోధన 2007లో అచ్చయింది. 50 మంది పెద్దలు, రోజుకు 1 గ్రాము చొప్పున 60 రోజులు. సారం తీసుకున్నవారికి ఆకలి, నడుము చుట్టుకొలత తగ్గాయి. బరువులో మాత్రం, ఉత్త మాత్రలు మింగినవారికీ వీరికీ లెక్కకు నిలిచే తేడా రాలేదు. ఇంత చిన్న పరిశోధనతో కొండలు కదలవు. పైగా 1994లో ఈ దేశంలో వచ్చిన చట్టం ప్రకారం ఇటువంటి సీసాలు అమ్మేవారు గుణం ముందుగా రుజువు చేయనక్కరలేదు. ప్రభుత్వం దీన్ని పరిశీలించలేదని చీటీ మీద చిన్న అక్షరాలలో రాస్తే చాలు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళు ఏ సీసా వాడుతున్నా మీ డాక్టరుకు చూపించండి. కరువులో కడుపు నింపుకోవడానికి తిన్నది ఇక్కడ కడుపు తగ్గించుకోవడానికి తింటున్నాం. అందులో నవ్వుకోవలసినదీ ఉంది, ఆలోచించవలసినదీ ఉంది.

ఆలోచించడానికి దక్షిణాఫ్రికా కథ ఒకటి పనికివస్తుంది. కారల్లానికి దగ్గర బంధువు హూడియా. కలహారి ఎడారిలోని సాన్ జనం వేటకు పోతూ ఆకలి దప్పులు ఆపుకోవడానికి దాన్ని నమిలేవారు. ఆ గుణం మీద అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ పేటెంటు తీసుకుంది. 1997లో ఒక బ్రిటిష్ కంపెనీకి, దాని ద్వారా మరుసటి ఏడాది ఫైజర్‌కు హక్కులు వెళ్ళాయి. సాన్ జనాన్ని ఎవరూ అడగలేదు. 2001లో పత్రికలు గోల చేశాక చర్చలు జరిగి, 2003లో లాభంలో వారికి కొంత వాటా ఇచ్చే ఒప్పందం కుదిరింది. తమాషా ఏమిటంటే అదే ఏడాది ఫైజర్ తప్పుకుంది. తరువాత చేపట్టిన యూనిలీవర్ కూడా 2008లో వదిలేసింది. చేతికి వచ్చిన డబ్బు తక్కువే. కాని ఈ జ్ఞానం ఫలానా జనానిది అని కాగితం మీద పడింది. మన దేశంలోనూ 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది.

కారల్లం విషయంలో అటువంటి కాగితం 1795లోనే ఉంది. లాభంలో వాటా గురించి కాదు నేను చెప్పేది, పేరు గురించి. మొక్కకు శాస్త్రీయనామం పెట్టిన రాక్స్‌బర్గ్ పేరు తెలుసు, ప్రజాతి కట్టిన బ్రౌన్ పేరు తెలుసు. సామర్లకోట దగ్గర ఏ గట్టు మీదనో నిలబడి "దొరా, దీన్ని కారల్లం అంటారు" అని చెప్పిన మనిషి పేరు ఆ పుస్తకంలో లేదు. ఆ బొమ్మ వేసిన చిత్రకారుడి పేరూ లేదు. వాళ్ళు ఇచ్చిన మాట మాత్రం మిగిలింది. అదీ ఎక్కడ మిగిలింది? లాటిన్‌లో. నేను అడిగిన పెద్దవాళ్ళలో కుందేటి కొమ్ములు అన్నవారు చాలామంది ఉన్నారు, కారల్లం అన్నవారు ఒక్కరూ లేరు. సర్కారు జిల్లాల మాట ఒకటి ఊళ్ళో జారిపోయి ప్రపంచమంతా తిరుగుతోంది, మనలాగే.

మాటలు పోవడానికి పెద్ద విపత్తు అక్కరలేదు. చెప్పగలిగినవాళ్ళను అడగకపోతే చాలు. వైద్య విద్యలో మాకు మొదట నేర్పేది రోగిని అడగడం: ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఏం తిన్నారు. రెండు వందల ఏళ్ళ కిందటి ఆ సర్జను మరో ప్రశ్న కూడా అడిగేవాడు: "దీన్ని మీరు ఏమంటారు?" అడిగి ఊరుకోలేదు, రాసిపెట్టాడు. అలా రాసిపెట్టినవారి వరసలోనే వాల్టర్ ఎలియట్ 1859లో మద్రాసులో 'ఫ్లోరా ఆంధ్రికా' అని తెలుగు మొక్కల పేర్ల పట్టిక ఒకటి అచ్చువేశాడు. దొరలు చేయగలిగిన పని మనం చేయలేమా?

అంచేత ఒక మనవి. వేసవిలో మనందరి ఇళ్ళకూ అమ్మానాన్నలు, అత్తమామలు వస్తారు. వారాంతంలో వాళ్ళను మాల్‌కు తీసుకువెళ్ళి విసిగించే బదులు ఒక పూట కాగితం, కలం పెట్టుకుని కూర్చోండి. మీ ఊరి గట్టు మీద, చెరువు కింద, గుట్ట మీద మొలిచే మొక్కల పేర్లు చెప్పమనండి. ఏది తినేవారు, ఏది పశువుకు పెట్టేవారు, ఏది తేలుకాటుకు నూరేవారు, ఏ నెలలో పూసేది, అన్నీ రాయండి. పేరు చెప్పినవారి పేరు, ఊరు తప్పకుండా వేయండి. ఈసారి అది ఖాళీగా ఉండకూడదు. పిల్లల చేత రాయిస్తే మరీ మంచిది, తెలుగు రాకపోతే వాళ్ళకు వచ్చిన లిపిలోనే. వచ్చిన జాబితాలన్నీ కలిపి ఈ పత్రికలో విడతలవారీగా వేద్దామని సంపాదకులతో అన్నాను, సరేనన్నారు. గోదావరి జిల్లాల నుంచి వచ్చే పెద్దలను ప్రత్యేకంగా ఒక మాట అడిగి చూడండి: కారల్లం అన్న పేరు ఎప్పుడైనా విన్నారా అని. విన్నామన్నవారు ఒక్కరు దొరికినా వెంటనే నాకు ఫోను చేయండి. అర్ధరాత్రయినా ఫరవాలేదు, ఎలాగూ నాకు అలవాటే.